మళ్లీ దొరకనివి ముందు

ఇంటి ఫొటోలు, పెళ్లి వీడియోలు, తాతగారి గొంతు, ఇష్టపడి కొనుక్కున్న సినిమాలు. ఇవన్నీ ఒకచోట చేర్చి, ఇంట్లో ఏ తెర మీదైనా చూసుకునే సర్వర్‌ను ఇవాళ ఎవరైనా కట్టుకోవచ్చు. దానికి ఎంత పెద్ద డిస్క్ కొనాలన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది.

జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. అప్పటికి ఆ యంత్రాన్ని ఇంకా తయారుచేస్తున్న కంపెనీగా దాని పేరే వినిపించేది. ఎక్కడో జపాన్‌లో జరిగిన ఈ సంగతికి మన బీరువాలతో నేరుగా సంబంధం ఉంది. ఎనభైల చివర్లో, తొంభైల్లో పెళ్లిళ్లు చేసిన కుటుంబాల దగ్గర ఆ నల్లటి క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. పట్టుచీరల కింద, పాత పాస్‌బుక్కుల పక్కన ఉన్నాయి. వాటిని ఆడించే యంత్రం మాత్రం ఇక సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. కోస్తా తేమకు టేపు చుట్ట అంచున తెల్లగా బూజు పడుతుంది. అలా బూజుపట్టిన టేపును శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెడితే హెడ్డూ పాడవుతుంది, టేపూ తెగుతుంది.

తర్వాతి తరం పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. 2000 తర్వాత స్టూడియోవాళ్లు పెళ్లి ఫొటో అట్టతో చేతికిచ్చిన వీసీడీలు, డీవీడీలు చాలావరకు కంప్యూటర్‌లో ‘రైట్’ చేసినవి. షాపులో అమ్మే సినిమా డిస్కులా అచ్చు ఒత్తినవి కావు. వాటిలో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది. ఎండకు, వేడికి, ఏళ్లకు ఆ పొర వెలిసిపోతుంది. ఒక రోజు డిస్క్ పెడితే ప్లేయర్ గిర్రున తిరిగి, ‘నో డిస్క్’ అంటుంది. ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో ఫొటోలు వేలల్లో ఉన్నాయి, కానీ ఎవరి ఫోన్‌లో ఏవి ఉన్నాయో ఎవరికీ తెలియదు. వాట్సాప్‌లో వచ్చినవి అసలు ఫొటోలు కావు. అది పంపేటప్పుడే బొమ్మను కుదించి, తీసిన తేదీ లాంటి వివరాలను తీసేస్తుంది.

పోనీ, క్లౌడ్‌లో ఉన్నాయి కదా అనుకుందాం. గూగుల్ ఫొటోస్ 2015 మేలో వచ్చినప్పుడు ఎన్ని ఫొటోలైనా ఉచితం అంది. 2021 జూన్ 1 నుంచి ఆ మాట మారింది. మెయిల్‌తో కలిపి 15 జీబీ దాటితే చందా కట్టాలి. అడగడం తప్పు కాదు, డిస్కులూ కరెంటూ వాళ్లకూ ఊరికే రావు. అయితే షరతులు రాసే పెన్ను మన చేతిలో లేదన్న సంగతి ఆ రోజు తెలిసింది. మైస్పేస్ కథ మరీ దారుణం. 2016కు ముందు జనం పన్నెండేళ్లపాటు అక్కడ పెట్టుకున్న పాటలు సర్వర్లు మార్చే పనిలో పోయాయని 2019లో ఆ సంస్థే చెప్పింది. ఆ పాటలకు ఇంకో కాపీ ఉంచుకోని కళాకారులకు మిగిలింది శూన్యం.

అందుకే ఇంట్లో ఒక సొంత సర్వర్ ఉండాలంటున్నాను. క్లౌడ్‌ను వదిలేయాలని కాదు. అసలు కాపీ మన ఇంట్లో ఉండి, క్లౌడ్‌లో ఉన్నది దానికి నకలు కావాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంది.

రెండు కుప్పలు

సర్వర్ అనగానే అందరూ ముందు అడిగేది, ఎన్ని టీబీలు కావాలని. ఎన్ని డిస్కులు, ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్ అన్న చర్చ వెంటనే మొదలవుతుంది. నా లెక్కలో ఇవన్నీ తర్వాత. ముందు కాగితం తీసుకుని, ఇంట్లో ఉన్నవాటిని రెండు కుప్పలుగా రాయాలి. మళ్లీ దొరకనివి ఒక కుప్ప. మళ్లీ దొరికేవి ఇంకో కుప్ప.

‘మాయాబజార్’ మళ్లీ దొరుకుతుంది. డిస్క్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఎక్కడో ఒకచోట చూడనూవచ్చు. మీ నాయనమ్మ వంటింట్లో కూర్చుని పాడిన మంగళహారతి, ఎవరో టేప్‌రికార్డర్‌లో పట్టింది, మళ్లీ దొరకదు. ఊరి గుడిలో తిరునాళ్లకు చెప్పించిన హరికథ క్యాసెట్, పిల్లవాడి తొలి అడుగు, తాతగారి చేతిరాతలో ఉన్న పొలం కాగితాల స్కాన్, ఇవేవీ దొరకవు. ఈ విభజన చేశాక ఒక విచిత్రం బయటపడుతుంది. మళ్లీ దొరకనివన్నీ కలిపినా పెద్ద చోటు పట్టవు.

లెక్క వేసి చూడండి. ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే 30,000 ఫొటోలకు 120 జీబీ. మూడు గంటల పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను సెకనుకు 8 మెగాబిట్ల నాణ్యతతో ఎక్కిస్తే సుమారు 11 జీబీ. హ్యాండీక్యామ్ రోజుల మినీ డీవీ టేపు గంటకు 13 జీబీ. గంట నిడివి ఆడియో క్యాసెట్‌ను నాణ్యత పోని ఫ్లాక్ ఫార్మాట్‌లో దాస్తే 300 ఎంబీ చిల్లర. ఈ మధ్య ఫోన్లలో తీస్తున్న 4కె వీడియో ఒక్కటే కాస్త ఆకలిగలది. ఐఫోన్ లెక్క ప్రకారం సెకనుకు 30 ఫ్రేముల 4కె వీడియో నిమిషానికి 170 ఎంబీ, అంటే గంటకు 10 జీబీ. ఇవన్నీ కూడినా మామూలు కుటుంబానికి 1 టీబీ దాటడం అరుదు. సినిమాల సంగతి వేరు. బ్లూరే డిస్క్ ఒక్కటే 25 నుంచి 50 జీబీ. వంద పెట్టుకుంటే 3, 4 టీబీలు పోతాయి.

చోటంతా తినేది మళ్లీ దొరికే కుప్ప. భద్రత కావలసింది మాత్రం చిన్న కుప్పకు. ఈ సంగతి తేలితే డబ్బు ఎక్కడ పెట్టాలో దానికదే తేలుతుంది. సినిమాల కుప్పకు ఒక కాపీ చాలు, పోతే పోనీ. చిన్న కుప్పకు మూడు కాపీలు ఉండాలి, వాటిలో ఒకటి ఇంటి బయట ఉండాలి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన 3-2-1 సూత్రం చెప్పేది ఇదే. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒక కాపీ వేరే చోట. నేను చూసిన చాలా ఇంటి సర్వర్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. నాలుగు పెద్ద డిస్కులు కొని సినిమాలను కట్టుదిట్టంగా కాపాడతారు. అమ్మ ఫోన్‌లోని ఫొటోలు అమ్మ ఫోన్‌లోనే ఉంటాయి.

సినిమాల గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. టొరెంట్ల నుంచి దించుకున్నవాటితో సర్వర్ నింపుకోవడం గురించి ఈ కథనం కాదు. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంతకంటే పాతవి ఎన్నో ఉన్నాయి. సొంత డబ్బుతో కొనుక్కున్న డిస్కులూ మన ఇళ్లలో తక్కువేమీ లేవు.

ఎక్కించే పని

పెట్టె కొనకముందే మొదలుపెట్టవలసిన పని సేకరణ. ఇది నెలల పని. డిస్కులు ఏటేటా చవకవుతాయో లేదో చెప్పలేం కానీ, టేపులు మాత్రం ఏటేటా పాడవుతాయి. అందుకని ఉన్న పాత డిస్క్‌లోనైనా సరే ఎక్కించడం మొదలుపెట్టాలి.

వీహెచ్‌ఎస్‌లను పట్టణాల్లో ఇంకా మిగిలిన వీడియో స్టూడియోలవాళ్లు మార్చి ఇస్తారు. ఇచ్చేటప్పుడు డీవీడీలో కాకుండా ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని అడగండి. మధ్యమధ్య పాటలు కలపొద్దనీ, కత్తిరించొద్దనీ, ఉన్నది ఉన్నట్టు ఇమ్మనీ గట్టిగా చెప్పండి. వంట పందిట్లో పదినిమిషాలు ఊరికే తిరిగిన కెమెరా ఆనాటి చుట్టాలందరినీ పట్టి ఉంటుంది. ఎడిటింగ్‌లో ముందు పోయేవి అవే.

వీసీడీ ఉంటే దానిలో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్ తెరవండి. పేరు చివర .DAT అని ఉన్న ఫైలే మీ వీడియో, వీఎల్‌సీ ప్లేయర్ దాన్ని ఆడిస్తుంది. బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే. ఇప్పటి టీవీలో మసగ్గా ఉంటుంది. అంతకుమించిన వివరం ఆ డిస్క్‌లో లేదు కాబట్టి, నాణ్యత పెంచుతామనే సాఫ్ట్‌వేర్లకు అసలు ఫైలును అప్పగించొద్దు. కావాలంటే నకలు మీద ప్రయోగాలు చేసుకోవచ్చు. గీతలు పడిన డీవీడీలకు డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. చదవగలిగిన భాగాలను ముందు చదివేసి, మొండికేసిన చోట్లకు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక డ్రైవ్‌లో చదవని డిస్క్ ఇంకో డ్రైవ్‌లో చదవడం మామూలే, కాబట్టి ఒకసారి రాలేదని పారేయకండి.

ఫోన్ల దగ్గరికొస్తే, ఫొటోలు వాట్సాప్‌లో పంపమని అడగొద్దు. కేబుల్ పెట్టి తీసుకోవాలి, లేదా అసలు ఫైలు డాక్యుమెంట్‌గా పంపమనాలి. అప్పుడే తీసిన తేదీ వెంట వస్తుంది. గుంటూరులో అమ్మానాన్నలు, డాలస్‌లో అన్నయ్య, బెంగళూరులో చెల్లెలు ఉన్న కుటుంబంలో ఒకే పెళ్లి ఫొటోలు మూడుచోట్ల ముక్కలుగా ఉంటాయి. సర్వర్ వల్ల కలిగే మొదటి మేలు ఈ ముక్కలు ఒకచోట చేరడం.

రెయిడ్ ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్లకు వాడే డిస్క్ చాలా ఖరీదు. పర్సనల్ కంప్యూటర్ల కోసం తయారయ్యే చౌక డిస్కులను గుంపుగా కట్టి దాని బదులు వాడొచ్చన్నది వాళ్ల ఆలోచన. డిస్కుల సంఖ్య పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడే అవకాశమూ పెరుగుతుంది. కాబట్టి ఒకటి పోయినా మిగతావాటి నుంచి దాన్ని తిరిగి కట్టే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటుకు రెయిడ్ అని పేరు పెట్టారు.

లోపల జరిగేది చిన్న పిల్లల లెక్క. ఒక డిస్క్‌లో 5, ఇంకో డిస్క్‌లో 3 ఉంటే, మూడో డిస్క్‌లో వాటి మొత్తం 8 రాసి పెడతారు. 5 ఉన్న డిస్క్ పోయిందా, 8 లోంచి 3 తీసేస్తే 5 తిరిగొస్తుంది. అసలు యంత్రం కూడికకు బదులు ఎక్స్‌ఆర్ అనే బిట్ల లెక్క చేస్తుంది, సూత్రం మాత్రం ఇదే. రెండు డిస్కులే ఉంటే ఈ లెక్క కూడా అక్కర్లేదు. ఒకదాని నకలు ఇంకోదానిలో ఉంటుంది, దాన్ని మిర్రర్ అంటారు. ఇంటికి నేను సిఫార్సు చేసేది ఈ మిర్రరే. అర్థం కావడం తేలిక, చెడినప్పుడు బాగుచేయడం తేలిక.

రెయిడ్ ఉంది కదా, ఇక బ్యాకప్ ఎందుకని చాలామంది అనుకుంటారు. ఇక్కడే కొంపలు మునుగుతాయి. పొరపాటున ఫోల్డర్ చెరిపితే మిర్రర్ ఆ చెరపడాన్ని కూడా అదే క్షణంలో రెండో డిస్క్‌లో శ్రద్ధగా చేసిపెడుతుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చినా, పిడుగు పడినా, దొంగ పెట్టెనే ఎత్తుకెళ్లినా రెండు డిస్కులూ కలిసే పోతాయి. రెయిడ్ పని ఒక డిస్క్ చెడిన రోజున కూడా ఇల్లు ఆగకుండా నడవడం. అంతవరకే.

ఇంకో శత్రువు ఉంది, అది చప్పుడు చేయదు. డిస్క్ బాగానే తిరుగుతుంటుంది, ఫైలూ కనిపిస్తుంటుంది, లోపల ఎక్కడో ఒక బిట్ మారిపోయి ఉంటుంది. ఏళ్ల తర్వాత ఫొటో తెరిస్తే సగం నుంచి కింద బూడిదరంగు. మామూలు మిర్రర్‌కు రెండు కాపీలు వేర్వేరుగా ఉంటే ఏది నిజమో తెలియదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఈ చిక్కును తీర్చింది. రాసే ప్రతి ముక్కకూ ఒక చెక్‌సమ్, అంటే సరిచూసుకునే సంఖ్య, లెక్కగట్టి విడిగా దాస్తుంది. చదివేటప్పుడు అది సరిపోలకపోతే రెండో డిస్క్‌లోని మంచి కాపీతో చెడ్డదాన్ని సరిదిద్దుతుంది. నెలకోసారి మొత్తం డిస్క్‌ను ఇలా తనిఖీ చేయించే పనిని స్క్రబ్ అంటారు. స్నాప్‌షాట్ అని ఇంకో సదుపాయం ఉంది. నిన్న రాత్రి ఫోల్డర్లు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకుంటుంది, ఇవాళ చెరిపినది వెనక్కి తెచ్చుకోవచ్చు. మళ్లీ దొరకని కుప్పకు జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ కంటే మంచి చోటు నాకు తెలియదు.

సినిమాల కుప్పకు ఈ హంగు అక్కర్లేదు. విడి డిస్క్ సరిపోతుంది. రెండు మూడు డిస్కులకు పెరిగితే స్నాప్‌రెయిడ్ అనే ఉచిత సాధనం ఉంది. రోజుకోసారి లెక్క కట్టిపెడుతుంది. ఆ లెక్క కాపాడగలిగినన్నిటికంటే ఎక్కువ డిస్కులు చెడినా, మిగిలిన డిస్కుల్లోని ఫైళ్లు విడిగా చదవొచ్చు. పైన చెప్పిన కూడిక లెక్కతో నడిచే రెయిడ్ 5లో మాత్రం ఒకేసారి రెండు డిస్కులు పోతే అన్నీ పోయినట్టే.

పెట్టె

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం సీటీసీ అనే కంప్యూటర్ల బజారు, తిరిగొస్తే మీ ముందు మూడు దారులుంటాయి. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీల రెడీమేడ్ నాస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె, ఒకటి. డిస్కులు దోపి, ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే నడుస్తుంది. సాంకేతిక విషయాలతో తల నొప్పించుకోవడం ఇష్టం లేనివాళ్లకు ఇదే మంచిది, ఖరీదు ఎక్కువైనా సరే. రెండోది, విడిభాగాలు కొని సొంతంగా కట్టుకోవడం. మూడోది నాకు ఇష్టమైనది. ఆఫీసులు వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్. పెద్ద డిస్కులు రెండు పట్టే టవర్ సైజుది చూసుకోవాలి. అరచేతిలో ఇమిడే మినీ పెట్టెల్లో వాటికి చోటుండదు. డిస్కులను యూఎస్‌బీ తీగలతో వేలాడదీసి మిర్రర్ కట్టడం నేను ఒప్పుకోను. ఆ తీగ ఒక్కసారి వదులైతే చాలు, డిస్క్ చెడిందని సర్వర్ అనుకుంటుంది.

ప్రాసెసర్ గురించి అతిగా ఆలోచించనక్కర్లేదు. సర్వర్‌లోని ఫైలును టీవీ నేరుగా ఆడించగలిగితే సర్వర్ చేసేది పోస్ట్‌మ్యాన్ పనే. టీవీకి ఆ ఫార్మాట్ రానప్పుడు, ఉదాహరణకు చాలా టీవీలకు డీటీఎస్ ఆడియో రాదు, సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపాలి. దీన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. ఆడియో మార్చడం చిన్న పనే. వీడియో మార్చవలసి వస్తేనే అసలు భారం. ఇంటెల్ 2011 నుంచి తన చిప్పుల్లో పెడుతున్న క్విక్ సింక్ ఆ పని తేలిగ్గా చేస్తుంది. చౌకగా దొరికే, 6 వాట్ల కోవకు చెందిన ఎన్100 చిప్ కూడా ఒక ఇంటికి చాలు.

డిస్క్ కొనేటప్పుడు ఒక్కటి అడగండి, సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అని. సీఎంఆర్ డిస్కులో సమాచారపు గీతలు విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్కులో వాటిని పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా పరుస్తారు. చోటు కలిసొస్తుంది, కానీ ఒక గీత మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. చెడిన డిస్క్ స్థానంలో అలాంటిది పెట్టి మిర్రర్‌ను తిరిగి కట్టిస్తే రోజులు పడుతుంది, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో కొన్ని డిస్కులు ఈ రకమేనని ఒప్పుకుంది. ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కులను రెడ్ ప్లస్ అని విడదీసింది. బ్యాకప్‌కు మూలన పెట్టే డిస్క్ ఎస్‌ఎంఆర్ అయినా నష్టం లేదు, సర్వర్ లోపల మాత్రం వద్దు. ఇక 4 టీబీ అని కొన్నది విండోస్‌లో 3.63గా కనిపిస్తే షాపువాణ్ని తిట్టకండి. కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, విండోస్ 1,024తో భాగిస్తుంది.

తెచ్చిన రోజే ఫొటోలు పోయొద్దు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో అది ఎన్ని గంటలు తిరిగిందో చూడాలి. కొత్త డిస్క్‌కు అది సున్నాకు దగ్గరగా ఉండాలి. తర్వాత ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి రాయించి, చదివించాలి. 8 టీబీ డిస్క్‌కు రాయడానికే అర రోజు పడుతుంది. పుట్టుకతో లోపమున్న డిస్క్ అప్పుడే బయటపడుతుంది, షాపువాడు మార్చి ఇచ్చే గడువు దాటకముందే.

ఎండ, కరెంటు

మన దగ్గర సర్వర్‌కు ఇంటర్నెట్ హ్యాకర్ కంటే మే నెల ప్రమాదం. చాలా డిస్కులు 60 డిగ్రీల వరకు పనిచేస్తాయని కంపెనీలు రాస్తాయి. 45 లోపు ఉంచడం మంచిది. రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవి మధ్యాహ్నం గది వేడే 40 దాటితే, డిస్క్ 50 దాటడం కష్టమేమీ కాదు. అటక మీద పెట్టొద్దు. తలుపులున్న టీవీ యూనిట్ లోపల అసలే వద్దు. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, గోడకు జానెడు దూరంగా, ఫ్యాన్ గాలి సోకే చోట పెట్టాలి. దుమ్ముకు మూడు నెలలకోసారి బ్రష్ పట్టాలి. క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, సర్వర్ తర్వాత.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సర్వర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. కొన్న యూపీఎస్‌కు యూఎస్‌బీ తీగ ఉంటే, నట్ అనే ఉచిత ప్రోగ్రాం దాని బ్యాటరీని గమనిస్తూ, అడుగంటే లోపు సర్వర్‌ను పద్ధతిగా ఆపేస్తుంది.

కరెంటు ఖర్చుకు భయపడేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. 25 వాట్ల పెట్టె రోజంతా నడిస్తే నెలకు 18 యూనిట్లు. 50 వాట్ల పాత డెస్క్‌టాప్ అయితే 36. రేటు కంటే శ్లాబును చూడాలి. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు పొందుతున్న ఇంటికి, 185 దగ్గర ఉండగా ఈ 18 కలిస్తే మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. అలాంటి ఇళ్లలో సర్వర్‌ను రాత్రి నిద్రపుచ్చి, పొద్దున లేపేలా టైమర్ పెట్టుకోవడంలో తప్పు లేదు. ఇంటి సర్వర్ ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

పేర్లు

సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మంచివి చాలా ఉన్నాయి. సర్వర్‌కు ట్రూనాస్ లేదా ఓపెన్‌మీడియావాల్ట్. సినిమాలకు జెల్లీఫిన్. ఎంబీ అనే ప్రోగ్రాం తన కోడ్‌ను మూసేయడంతో 2018 డిసెంబరులో దాని నుంచి విడిపోయి పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది, చందా అడగదు. ప్లెక్స్ పేరున్నదే కానీ, 2025 ఏప్రిల్ నుంచి ఇంటి బయట నుంచి సొంత వీడియో చూడాలన్నా డబ్బు కట్టాలి. ఫొటోలకు ఇమ్మిచ్. ముఖాలను గుర్తుపట్టే పని మీ పెట్టెలోనే జరుగుతుంది, బొమ్మ బయటికి పోదు.

ఈ సాఫ్ట్‌వేర్లు ఎంత తెలివైనవైనా పేర్లు మనమే పెట్టాలి. సినిమా ఫోల్డర్‌కు పేరుతోపాటు ఏడాది రాయకపోతే జెల్లీఫిన్ తికమకపడుతుంది. ‘దేవదాసు’ 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లోనూ ఉంది. అక్కినేని సినిమాకు రామ్ పోస్టర్ వచ్చి కూర్చుంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తే ఫాంట్ లేదని. సెట్టింగుల్లో ఫాల్‌బ్యాక్ ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు పెడితే సరి.

ఇంటి వీడియోలకు తేదీ ముందు పెట్టండి. ఏడాది, నెల, రోజు, ఆ తర్వాత సందర్భం, ఊరు. ‘1994-05-18 పెళ్లి తెనాలి’ అని రాస్తే ఫోల్డర్లు కాలక్రమంలో వాటంతటవే వరసలో నిలబడతాయి. తెలుగులోనే రాయండి, యూనికోడ్‌లో. ఇవాళ ఏ యంత్రమైనా చదువుతుంది. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా దాచవచ్చు, ఒకే గుర్తుగానో, ఎత్వమూ కింది గుర్తూ విడివిడిగానో. పాత మ్యాక్ కంప్యూటర్లు రెండో పద్ధతి వాడేవి. అందువల్ల పాత మ్యాక్ నుంచి తెచ్చిన ‘వైజాగ్’ ఫోల్డర్, విండోస్ నుంచి తెచ్చిన ‘వైజాగ్’ ఫోల్డర్ లినక్స్ సర్వర్ మీద పక్కపక్కనే రెండుగా కనిపిస్తాయి. చూడ్డానికి అచ్చు ఒకేలా ఉంటాయి, వెతికితే ఒకటే దొరుకుతుంది. కన్వ్‌ఎంవీ అనే సాధనం ఈ పేర్లన్నిటినీ ఒక్క రూపానికి తెస్తుంది.

అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని ముఖాలకు పేర్లు రాయడం. 1970లనాటి గ్రూప్ ఫొటోలో వెనక వరుసలో నిలబడ్డ పెద్దమనిషి ఎవరో ఇమ్మిచ్ చెప్పలేదు. అమ్మమ్మ చెప్పగలదు. ఫొటోలు టీవీ తెర మీద పెద్దవిగా వేసి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ‘వీళ్లెవరు అమ్మమ్మా?’ అని ఒక్కొక్కటీ అడగాలి. ఆమె పేరు ఒక్కటే చెప్పదు. ‘మా పెదనాన్నగారి రెండో అల్లుడు, రైల్వేలో చేసేవాడు, ఆ చొక్కా నేను కుట్టిందే’ అంటుంది. ఆ మాటల్ని కూడా ఫోన్‌లో రికార్డు చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. డిస్కులు ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది కొనొచ్చు. ఈ పనికి మాత్రం గడువుంది, ఆ గడువు ఎంతో మనకు తెలియదు.

బయటి కాపీ

ఇంటి బయట నుంచి చూసుకోవాలంటే రౌటర్‌లో పోర్టులు తెరవమని చాలామంది సలహా ఇస్తారు. వద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెలను వెతికి పట్టుకుని, జనం ఫొటోలకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత ఐపీ చిరునామా ఉండదు, వందల ఇళ్లు ఒకే చిరునామాను పంచుకుంటాయి కాబట్టి పోర్టు తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకుంటే డాలస్‌లోని అన్నయ్య ఫోన్, గుంటూరులోని సర్వర్ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. దారిన పోయేవాడికి తలుపే కనిపించదు. ఇంటి లోపల మాత్రం సర్వర్‌కు ల్యాన్ కేబుల్ లాగండి. గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. వైఫై మీద తొలిసారి టీబీలు ఎక్కించడం ఓర్పుకు పరీక్ష.

ఇక మూడో కాపీ. మళ్లీ దొరకని కుప్ప 1 టీబీ లోపేనని మొదటే తేల్చుకున్నాం కాబట్టి, చిన్న యూఎస్‌బీ డిస్కులు రెండు చాలు. ఒకటి ఇంట్లో, ఎప్పుడూ తీగ తీసేసి. ఇంకోటి వేరే ఊళ్లో, తోబుట్టువుల దగ్గర. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు తాజా డిస్క్ తీసుకెళ్లి పాతది వెనక్కి తెచ్చుకోవడం, దసరాకు మళ్లీ మార్చుకోవడం. నెట్ మీద నడిచే బ్యాకప్పులు ఎన్నో ఉన్నా, తీగ లేని డిస్క్‌ను ఏ వైరస్సూ ముట్టుకోలేదు. తెచ్చిన ప్రతిసారీ అందులోంచి ఏదో ఒక వీడియో తీసి చివరిదాకా ఆడించి చూడాలి. ఆడించి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలో వేసుకోను.

ఈ బయటి డిస్క్‌ను జెడ్‌ఎఫ్‌ఎస్‌లో కాకుండా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయమంటాను. సాంకేతికంగా అది బలహీనమే, చెక్‌సమ్‌లు ఉండవు. అందుకని ఫైళ్ల చెక్‌సమ్‌ల జాబితా ఒకటి విడిగా అందులోనే పెట్టుకోవాలి. ఎక్స్‌ఫ్యాట్ ఎందుకంటే, సర్వర్ కట్టినవాళ్లు ఎల్లకాలం ఉండరు. జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్క్‌ను తెరవడం ఇంట్లో ఎంతమందికి వచ్చు? ఈ డిస్క్‌ను ఏ ల్యాప్‌టాప్‌కు పెట్టినా, ఏమీ తెలియని మేనకోడలికైనా, ఫోల్డర్లు తెరుచుకోవాలి. పొలం కాగితాలు, ఆధార్ కాపీలు లాంటివి పాస్‌వర్డ్‌తో వేరే ఫోల్డర్‌లో ఉంచి, ఫొటోలను తాళం లేకుండా వదిలేయడం నా పద్ధతి.

చివరగా ఒక కాగితం రాయాలి, కంప్యూటర్‌లో కాకుండా పెన్నుతో. సర్వర్ ఏ గదిలో ఉంది, దాన్ని ఎలా ఆపాలి, ఎలా మొదలుపెట్టాలి. పాస్‌వర్డులు ఏమిటి. బయటి డిస్క్ ఎవరి దగ్గర ఉంది, చివరిసారి ఎప్పుడు మార్చారు. చెడితే ఎవరికి ఫోన్ చేయాలి. ఇల్లాలికి, పిల్లలకు ఒకసారి చదివి వినిపించి, ఎల్‌ఐసీ బాండ్లు పెట్టిన కవరులోనే దాన్ని కూడా పెట్టండి. పాస్‌వర్డ్ మార్చిన రోజు కాగితమూ మార్చండి.